పాదం పట్టుకునే ముందు

ఎనిమిదో నెల నిండుతున్న ఒకమ్మాయి మీ దగ్గరికి వచ్చిందనుకోండి. కాపురం చెన్నైలో. కాన్పుకని మైపాడు దగ్గర పుట్టింటికి నిన్న రాత్రే చేరింది. తోడుగా వాళ్ళమ్మ వచ్చింది. "కాళ్ళు లాగతా ఉండాయక్కా, రాత్రంతా నిద్ర లేదు. మీరు పాదాల మీద నొక్కతారంట గదా, కడుపులో బిడ్డకి కూడా మంచిదంట" అంటుంది. మీ దగ్గర రిఫ్లెక్సాలజీ సర్టిఫికెట్ ఉంది. గోడ మీద రంగురంగుల పాదాల పటం ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది. ఇప్పుడు మీరేం చేస్తారు?

చాలామంది నూనె సీసా అందుకుంటారు. ఈ అధ్యాయమంతా ఆ సీసా అందుకోకముందు గడవాల్సిన పది నిమిషాల గురించే. గర్భిణికి పాదమర్దన చేసేవాళ్ళ నేర్పు ఆ పది నిమిషాల్లోనే తెలుస్తుందని నా గట్టి నమ్మకం. నొక్కడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఏ పాదాన్ని ఇవాళ ముట్టుకోకుండా ఆసుపత్రికి పంపాలో పోల్చుకోవడానికి మాత్రం వేరే చదువు కావాలి.

మీ చదువు ఎంతవరకు వచ్చింది?

ముందు ఒక మాట నిజాయితీగా చెప్పుకుందాం. మీ గోడ మీదున్న పటం శరీరశాస్త్రం పుస్తకంలోంచి వచ్చింది కాదు. అమెరికాలో విలియం ఫిట్జెరాల్డ్ అనే చెవి-ముక్కు-గొంతు డాక్టరు 1910లలో శరీరాన్ని నిలువు భాగాలుగా విడగొట్టి ఒక ఊహ చేశాడు. ఫిజియోథెరపిస్టు యూనిస్ ఇంగమ్ దాన్ని పాదాలకు అన్వయించి 1938లో పుస్తకం వేసింది. మడమ దగ్గర గర్భాశయం, బొటనవేలి దగ్గర తల అన్న లెక్క అక్కడినుంచి వచ్చింది. 2009లో ఎడ్జార్డ్ ఎర్నెస్ట్ అనే పరిశోధకుడు 18 క్లినికల్ పరీక్షలను సమీక్షించి, ఇది ఏ జబ్బునైనా నయం చేస్తుందని నమ్మకంగా చెప్పే ఆధారం లేదని తేల్చాడు.

ఇది చదివి మనసు చిన్నబుచ్చుకోకండి. లాగుతున్న కాళ్ళకు మెత్తని చెయ్యి తగిలితే హాయిగా ఉంటుంది, ఒళ్ళు సడలుతుంది, కాసేపు నిద్ర పడుతుంది. నిండు నెలల్లో ఉన్న మనిషికి అది చిన్న సాయం కాదు. మీరు అమ్ముతున్నది ఆ హాయినే. అంతకుమించి మాట ఇవ్వకండి.

మన దేశంలో నర్సులకూ డాక్టర్లకూ ఉన్నట్టు రిఫ్లెక్సాలజిస్టులకు చట్టబద్ధమైన రిజిస్టరు లేదు. అంటే మీ కోర్సు మంచిదో కాదో మీరే తేల్చుకోవాలి. గర్భిణుల కోసం ప్రత్యేక శిక్షణ అంటూ ఎవరైనా ఫీజు అడిగితే ఈ ప్రశ్నలు వెయ్యండి. పాఠం చెప్పేవాళ్ళలో ప్రసూతి వార్డులో పనిచేసిన నర్సుగానీ డాక్టరుగానీ ఉన్నారా? బీపీ చూడటం నేర్పిస్తారా? గర్భంలో వచ్చే ప్రమాద సూచనల మీద ఎన్ని గంటలు చెబుతారు? ఎవరైనా పక్కన నిలబడి చూస్తుండగా మనచేత ఎంతమంది గర్భిణులకు చేయిస్తారు? వీటికి జవాబు రాకపోతే ఆ డబ్బు దాచుకోండి.

బ్రిటన్‌లో డెనిస్ టిరాన్ అనే మిడ్‌వైఫ్ ఏళ్ళ తరబడి ఈ విద్యను నేర్పింది. గర్భంలో ఒంట్లో ఏం జరుగుతుందో తెలియకుండా ఆ పాదాలు పట్టుకోకూడదన్నది ఆవిడ పట్టుదల. మన దగ్గర దీనికి ఖర్చులేని దారి ఒకటుంది. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రతి నెలా 9వ తారీఖున ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు. మీ ఊరి ఏఎన్‌ఎమ్మునో, ఆశా అక్కనో కలిసి, వచ్చిన గర్భిణులకు సాయం చేస్తూ నేర్చుకుంటానని అడగండి. వద్దంటే వద్దంటారు, అడగడంలో పోయేదేముంది? పోగా పోగా వాళ్ళు మీ పేరు గుర్తుపెట్టుకుంటారు. రేపు మీరు ఎవరినైనా పంపితే ఆ పరిచయం అక్కరకొస్తుంది.

ఆ పది నిమిషాల్లో

1. కార్డు చూడకుండా చెయ్యి వెయ్యకండి. తల్లీబిడ్డ రక్షణ కార్డులో నెలలు, బీపీ, రక్తం శాతం, బరువు, కాన్పు తేదీ అన్నీ రాసి ఉంటాయి. చెన్నై, హైదరాబాదు, బెంగళూరు నుంచి పుట్టింటికి వచ్చినవాళ్ళ దగ్గర ఆ కార్డు ఉండకపోవచ్చు. ప్రైవేటు ఆసుపత్రి ఫైలో, ఫోనులో స్కాన్ రిపోర్టో ఉంటుంది. అదే చూపించమనండి. మాయ కిందికి ఉందా, కవలలా, ఇదివరకు గర్భం పోయిందా, రక్తం పలచబడే ఇంజెక్షన్లు వాడుతోందా, షుగరు ఉందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టరు సరేనన్నాకే మీ వంతు. రక్తం శాతం ప్రత్యేకంగా చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతే. హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువుంటే ఆమెకు కావాల్సింది మీ కుర్చీ కాదు, ఆసుపత్రి మంచం.

2. ప్రశ్న ఎవరిని అడిగారో, జవాబు ఆమె నోటినుంచే రానివ్వండి. "రక్తం ఏమన్నా కనపడిందా?" అని కోడల్ని అడిగితే "ఏం లేదమ్మా, అంతా బాగుంది" అని అత్తగారు అంటుంది. ఇది మీకు రోజూ ఎదురయ్యేదే. పెద్దావిడను నొప్పించకుండా "పెద్దమ్మా, మీరు బయట ఫ్యాను కింద కూర్చోండి, రెండు నిమిషాల్లో పిలుస్తా" అని పంపండి. తర్వాత నెమ్మదిగా అడగండి. రక్తం మరకలుగానీ ఉమ్మనీరు కారినట్టుగానీ ఉందా? తలనొప్పి, కళ్ళు మసకలు, డొక్కల కింద నొప్పి? జ్వరం? పొత్తికడుపు వచ్చివచ్చి బిగుసుకుంటోందా? బిడ్డ నిన్నటిలాగే కదులుతోందా? ఈ చివరి ప్రశ్నకు ఆమె ఆలోచనలో పడి "పొద్దుట్నుంచి పెద్దగా తెలీలేదక్కా" అంటే, అక్కడితో మీ పని ఆపండి. కదలిక తగ్గిందన్న మాట విన్నాక "సాయంత్రం దాకా చూద్దాం" అనకూడదు.

3. బీపీ మిషను కొనండి. చేతికి కట్టే డిజిటల్ మిషను చాలు. ఐదు నిమిషాలు కూర్చోనిచ్చి, కాళ్ళు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూడండి. మాటలొద్దు. 140/90 గానీ, ఆపైన గానీ వస్తే కాసేపాగి మళ్ళీ చూడండి. రెండోసారీ అంతే ఉంటే మర్దన లేదు, అదే రోజు డాక్టరు దగ్గరికి పంపాలి. 160/110 ఉన్నా, బీపీతో పాటు తలనొప్పి, కంటి మసకలు ఉన్నా 108కి ఫోన్ చెయ్యండి. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అని భయపడే మూర్ఛలు ఇలాగే మొదలవుతాయి. ఇరవై వారాలు దాటాక ఎప్పుడైనా రావచ్చు.

4. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇక్కడ తొందరపడొద్దు. నా దృష్టిలో ఈ అధ్యాయంలో అన్నిటికంటే ముఖ్యమైన చోటు ఇదే.

గర్భిణి కాళ్ళకు నీరు రావడం మామూలే. రోహిణికార్తె ఎండలకు, రొయ్యల షెడ్డులో గంటల తరబడి నిలబడి తలలు తీసే పనికి సాయంత్రానికి చీలమండలు ఉబ్బుతాయి. రెండు కాళ్ళకూ సమానంగా వచ్చి, పడుకుని లేస్తే తగ్గే వాపు అది. దానికి మీ మర్దన హాయినిస్తుంది. కానీ మొహం ఉబ్బితే? వేలి ఉంగరం నిన్నటిదాకా వదులుగా ఉండి ఇవాళ బిగిస్తే? అది బీపీ తాలూకు వాపు కావచ్చు. మూడో అంశానికి వెనక్కి వెళ్ళండి.

ఇంకో రకం ఉంది. ఒక కాలే వాచి ఉంటుంది. పిక్క నొప్పి, ముట్టుకుంటే వేడి, కాస్త ఎరుపు. కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాల్సిన గుర్తులివి. గర్భంలో రక్తానికి గడ్డకట్టే గుణం పెరుగుతుంది, ఈ గడ్డలు మామూలు ఆడవాళ్ళలో కంటే గర్భిణుల్లో నాలుగైదు రెట్లు ఎక్కువ. ఎడమకాలిలో మరీ ఎక్కువ. గంటల కొద్దీ కదలకుండా కూర్చుని చేసే ప్రయాణం ఆ ప్రమాదాన్ని ఇంకా పెంచుతుంది. ఇప్పుడు మొదట్లో చెప్పుకున్న అమ్మాయిని గుర్తుచేసుకోండి. రాత్రి ప్రయాణం చేసి వచ్చింది. "కాళ్ళు లాగతా ఉండాయి" అంది. రెండు కాళ్ళా, ఒకటేనా? అడిగారా? అమెరికా నుంచి సీమంతానికి దిగిన అమ్మాయి అయితే ఈ ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి.

అలాంటి పిక్కను పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అది ప్రాణం తీస్తుంది. పాదం వంచి చూద్దాం, కాస్త నొక్కి చూద్దాం అన్న ప్రయోగాలు కూడా వద్దు. కాలిని కదపకుండా కూర్చోబెట్టి, స్కాన్ సౌకర్యమున్న ఆసుపత్రికి పంపండి. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి అన్నా 108.

5. అరికాళ్ళ దురదను తేలిగ్గా తీసుకోకండి. "రాత్రిపూట అరికాళ్ళు, అరిచేతులు ఒకటే దురదక్కా, కాస్త గట్టిగా రుద్దు" అని అడుగుతారు. చర్మం మీద దద్దురు ఉండదు. చివరి మూడు నెలల్లో ఇలా ఉంటే లివరులో పైత్యరసం సరిగ్గా పారకపోవడం వల్ల కావచ్చు. బిడ్డకు ముప్పు ఉంటుంది. రక్తపరీక్ష చేయాలి. ఈ మాట ఆమె డాక్టరుకు చెప్పకపోయి ఉండొచ్చు, కాళ్ళ దురదే కదా అనుకుని. మీకు చెప్పింది. ఎందుకంటే పాదాలు చూసేది మీరే.

6. తోలు, గోళ్ళు, వేళ్ళ సందులు. కోడూరు ఇసుకలోనూ, ఉప్పుటేరు గట్ల మీదా వట్టి కాళ్ళతో నడిచేవాళ్ళకు గుల్లలు గీసుకుంటాయి. ఐసు నీళ్ళలో నానే కాళ్ళకు వేళ్ళ సందుల్లో తెల్లగా పాస్తుంది. చీముపట్టిన గాయముంటే వద్దనండి. పాసిన కాళ్ళకు మందు వాడి తగ్గాక రమ్మనండి. తువ్వాలు ఒకరికి వాడింది ఇంకొకరికి వాడకండి. ఉబ్బిన నరాల మీద చెయ్యి పోనివ్వకండి. షుగరున్నవాళ్ళకు ముందుగా పాదం మీద దూది తాకించి స్పర్శ తెలుస్తోందో లేదో కనుక్కోండి.

ఇన్నీ చూసేసరికి పది నిమిషాలు. బయట ఇంకో కస్టమరు ఎదురుచూస్తోందా? చూడనివ్వండి.

చేతిలో పాదం ఉన్నంతసేపు

మొదటి పన్నెండు వారాల్లో చేయొద్దని నా సలహా. ఆ నెలల్లో తెలిసిన గర్భాల్లోనే పదింటికి ఒకటికి పైగా వాటంతట అవే పోతాయి. ఎక్కువగా బిడ్డ తయారీలోని లోపమే కారణం. పాదం నొక్కడం వల్ల గర్భం పోతుందని రుజువు లేదు. అయినా మీ దగ్గరికి వచ్చిన మర్నాడు అలా జరిగితే ఆ తల్లి జీవితాంతం ఏమనుకుంటుంది? ఆ బాధ ఆమెకూ వద్దు, మీకూ వద్దు.

ఇరవై వారాలు దాటాక వెల్లకిలా పడుకోబెట్టకండి. గర్భసంచి బరువు వెన్ను పక్కనున్న పెద్ద సిర మీద పడి తల తిరుగుతుంది, బిడ్డకు రక్తం తగ్గుతుంది. వీపుకు దిండ్లు పెట్టి ఏటవాలుగా కూర్చోబెట్టండి, కుడి తుంటి కింద మడిచిన తువ్వాలు పెట్టి ఒళ్ళు కాస్త ఎడమకు ఒరిగేలా చూడండి. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. ఒత్తిడి మెత్తగా. పాదం, చీలమండ దాకానే. పిక్కలకు పోవద్దు. లోపలి చీలమండకు నాలుగు వేళ్ళ పైన ఉండే బిందువునూ, మడమకు ఇరుపక్కలా గర్భాశయానివని పటంలో చూపే చోట్లనూ లోతుగా నొక్కకూడదన్నది ఈ వృత్తిలో నిలిచిన కట్టుబాటు. దాన్ని పాటించండి.

నూనె విషయం చిన్నది. వాసన లేని కొబ్బరినూనె గానీ నువ్వుల నూనె గానీ చాలు. కర్పూరం కలిపినవి, ఘాటైన నొప్పి బామ్‌లు, పేరు తెలియని సుగంధ తైలాలు పక్కన పెట్టండి.

మధ్యలో ఆమె మొహం చూస్తూ ఉండండి. పాలిపోయినా, చెమట పట్టినా, కడుపు పట్టేసినట్టుందన్నా ఆపండి. అయ్యాక వెంటనే లేవనివ్వకండి. కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మీ చెయ్యి పట్టుకుని దిగాలి.

"చెయ్యను" అనే మాట ఎలా చెప్పాలి?

అన్నిటికంటే కష్టమైనది ఇదే. ఎందుకంటే అడిగేవాళ్ళు పరాయివాళ్ళు కారు. పక్క వీధి పిన్ని, చెల్లెలి అత్తగారు. మూడు కోరికలు తరచు వస్తాయి.

మొదటిది: "తేదీ దాటిపోయిందమ్మా, అమావాస్య లోపల కాన్పు అయ్యేట్టు ఏదో ఒకటి నొక్కు." నొప్పులు రప్పించే బిందువులున్నాయని మీ కోర్సులో చెప్పి ఉండొచ్చు. అవి పనిచేస్తాయని నమ్మదగ్గ రుజువు లేదు. ఒకవేళ పనిచేస్తే? ముందు చెప్పుకున్న 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. మీ ముందున్న రెండో కాన్పు మనిషి కడుపు మీద పాత కుట్టు ఉండే అవకాశం అంత ఎక్కువ. కుట్టున్న గర్భసంచికి నొప్పులు ఎప్పుడు, ఎలా రావాలో ఆపరేషన్ థియేటరు పక్కనే ఉన్న డాక్టరు చూసుకోవాలి. "పిన్నీ, తేదీ దాటితే ఇంట్లో ఆగకూడదు. రేపు పొద్దున్నే ఆసుపత్రికి పదండి, కావాలంటే నేనూ వస్తా" అనండి. ఇంట్లో ఆముదం తాగించబోతున్నారని తెలిస్తే అదీ వద్దని చెప్పండి.

రెండోది: "బిడ్డ అడ్డం తిరిగి ఉండాడంట, పాదం నొక్కితే సర్దుకుంటాడా?" కాదనండి. డాక్టరుకు ఆ సంగతి ముందే తెలిస్తే కాన్పు ఎక్కడ, ఎలా చెయ్యాలో ఏర్పాటు చేసుకుంటారు. ఆలస్యం చేయించకండి.

మూడోది: పాదం చూసి మగబిడ్డో ఆడబిడ్డో చెప్పమంటారు. సరదాకి కూడా నోరు విప్పకండి. పాదానికి ఆ సంగతి తెలియదు. బిడ్డ ఆడో మగో కనుక్కుని చెప్పడాన్ని 1994 చట్టం నేరం చేసింది. మీరు సరదాకి అన్న మాట ఆ ఇంట్లో ఎంత చేటు చేస్తుందో ఊహించండి.

కాదన్నప్పుడు గొంతు పెంచనక్కర్లేదు, క్షమాపణా అక్కర్లేదు. "ఇవాళ కాలు చూశాక నాకు అనుమానంగా ఉంది, డాక్టరు చూసి సరే అంటే రేపే చేస్తా" అన్న ఒక్క వాక్యం చాలు. భయపెట్టే మాటలొద్దు. ఆ పూటకు డబ్బులు తీసుకోకండి. డబ్బు తీసుకోకుండా పంపిన మనిషి మాట మీద నమ్మకం కుదురుతుంది, వెళ్ళమన్నచోటికి వెళ్తారు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పోయిన నెల చూశాం కదా అని ఈసారి బీపీ చూడకపోవడం. చివరి నెలల్లో వారంలోనే అంతా మారిపోతుంది, ప్రతిసారీ కొత్త మనిషిని చూస్తున్నట్టే చూడాలి.

పటాన్ని చూపి జబ్బు చెప్పడం. "ఇక్కడ నొప్పిగా ఉందంటే నీకు కిడ్నీ బలహీనం" అన్న మాటతో ఆ అమ్మాయి నాలుగు రాత్రులు నిద్రపోదు. మీరు చెప్పాల్సింది కంటికి కనిపించినదే: ఏ కాలు, ఎంత వాపు, ఎప్పట్నుంచి.

డాక్టరు రాసిన ఐరన్, క్యాల్షియం, బీపీ మాత్రలను మానమనడం. ఇది ఎట్టి పరిస్థితుల్లోనూ మీ పని కాదు.

ఏమీ రాసిపెట్టుకోకపోవడం. ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, ఎన్నో వారం, బీపీ, కాళ్ళు ఎలా ఉన్నాయి, ఏం చేశారు, ఎవరి దగ్గరికి పంపారు. కింద ఆమె సంతకం. డాక్టరుకు ఫోన్‌లో చెప్పాల్సి వస్తే ఆ పేజీయే మీ గొంతుకు బలం.

ఇళ్ళకు వెళ్ళి చేసేవాళ్ళు దారి సంగతి ఆలోచించకపోవడం. తీరంలోని పాలేల నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి చేరాలంటే ఎంతసేపు? తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు, నెలలు నిండినవాళ్ళను ముందే ఆసుపత్రికి తరలించమని అధికారులు చెబుతారు. ఆ రోజుల్లో మీరు అపాయింట్‌మెంటు రద్దు చేసి, ఆమె వెళ్ళిందో లేదో కనుక్కోండి. ఏ ఊరికి ఏ పీహెచ్‌సీ, అక్కడి ఏఎన్‌ఎం నంబరేమిటి, కావలి ఏరియా ఆసుపత్రి దగ్గరా నెల్లూరు దగ్గరా అన్నది ఫోనులో ముందే రాసుకోండి.

కాన్పు అయ్యాక

బాలింత కాళ్ళు పట్టమని పిలుపు వస్తుంది. బిడ్డ బయటికొచ్చింది కదా, ఇక భయమేముందని అనిపిస్తుంది. నిజానికి కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కాన్పు తర్వాత ఆరు వారాల్లోనే అన్నిటికంటే ఎక్కువ. సిజేరియన్ అయి మంచం దిగని మనిషికి ఇంకా ఎక్కువ. గుర్రపువాతం కాన్పయ్యాక కూడా రావచ్చు. అందుకని అవే రెండు కాళ్ళ పోలిక, అదే బీపీ, అవే ప్రశ్నలు. వాటికి తోడు ఇంకో రెండు: గుడ్డలు ఎంత తొందరగా తడుస్తున్నాయి, చలిజ్వరం ఏమైనా వచ్చిందా? గంటకో గుడ్డ తడుస్తోందంటే పచ్చి బాలింతను కదపకూడదన్న ఆచారాన్ని పక్కనపెట్టి వెంటనే 108 పిలవాలి.

మీరు ఆసుపత్రికి పంపిన ప్రతి మనిషికీ ఆ సాయంత్రం ఫోన్ చెయ్యండి. వెళ్ళిందా, డాక్టరు ఏమన్నారు అని అడిగి, అదీ నోటు పుస్తకంలో రాయండి. వెళ్ళలేదంటే, ఎందుకు వెళ్ళలేదో కనుక్కోండి. బండి లేకపోతే ఆశా అక్కకు చెప్పండి. ఇంట్లో ఒప్పుకోకపోతే, ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్ళతో మీరే మాట్లాడండి.